గుండె కొట్టుకోకుండా నూట ఇరవై ఒక్క కిలోమీటర్లు

ఆ రోజుల్లో అని మొదలుపెడితే మీరు లాంతర్లూ పలకాబలపాలూ ఊహించుకుంటారేమో, అంత వెనక్కి పోనక్కర్లేదు. నేను చెప్పబోయే ఆ రోజులకు గట్టిగా ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు. అప్పటికే అందరి జేబుల్లో ఫోన్లున్నాయి. మనిషి ఎన్ని అడుగులు వేశాడో, ఎంతసేపు పడుకున్నాడో మనిషి కంటే ఫోనుకే బాగా తెలుసన్న నమ్మకం కూడా అప్పుడే కుదురుకుంటోంది. ఇలాంటి జ్ఞాపకాలు రాసేవాళ్ళు సాధారణంగా తీయగా నిట్టూరుస్తూ రాస్తారు. నేను మాత్రం కోపంతో రాస్తున్నాను, ముందే చెప్పేస్తున్నాను. నాకు జరిగింది అన్యాయం. ఈ అన్యాయాన్ని ఇన్నేళ్ళుగా కనీసం పాతికమందికి చెప్పుకున్నాను, ఒక్కరైనా అయ్యో అనలేదు. అందరూ నవ్వారు. మా ఆవిడ పెళ్ళిచూపుల రోజు విని నవ్వడం మొదలుపెట్టింది, ఇంకా ఆపలేదు. చదివేవాళ్ళు వినేవాళ్ళ కంటే దయగలవాళ్ళని ఎవరో అన్నారు గనక ఇప్పుడిలా రాసి చూస్తున్నాను.

నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. ఆసిఫాబాద్‌లో ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌గా కాంట్రాక్టు మీద చేరాను (కాంట్రాక్టు అంటే పని పర్మినెంటు, మనిషి టెంపరరీ). మా ఊరు అక్కడికి పధ్నాలుగు కిలోమీటర్లు. మా రోడ్డు మీద తిరిగే ఆటోలు నిండితే గాని కదలవు, నిండాక ఎవరికోసమూ ఆగవు. రెండు నెలలు వాటి వెంట పరుగెత్తి, ఇక లాభం లేదని బాపు సైకిల్ అడిగి తీసుకున్నాను (మా దిక్కున నాన్నను బాపు అంటాం, అమ్మను అవ్వ అంటాం). బాపు పెళ్ళికి ముందు కొన్న నల్ల సైకిల్ అది. వెనక గడ్డిమోపు పెట్టుకోవడానికి వెడల్పాటి క్యారేజీ, వెనక చక్రాన్ని నేలకు జానెడు ఎత్తున లేపి నిలబెట్టే బలమైన స్టాండు. బరువు మాత్రం నాకంటే కొంచెం ఎక్కువే. దాని మీద రోజూ పోనూ రానూ ఇరవై ఎనిమిది కిలోమీటర్లు తొక్కేవాణ్ణి. మొదటి వారం తొడలు పట్టేసి ఆఫీసులో కుర్చీలోంచి లేవడానికి టేబుల్ సాయం తీసుకున్నాను. తర్వాత అలవాటైంది. ఆ అలవాటు అక్కడితో ఆగితే ఈ కథే లేదు.

మా చిన్నమామ మస్కట్‌లో ఒక సేటు ఇంట్లో డ్రైవరు. అక్కడినుంచి ఎవరు సెలవు మీద వచ్చినా వాళ్ళ సామానుతోపాటు మాకొక పెట్టె పంపుతాడు. ఆ ఏడు మెట్‌పల్లి ఆయనెవరో వస్తుంటే ఆయనకిచ్చాడు. నేను రెండు బస్సులు మారి మెట్‌పల్లి పోయి, ఆ ఇంట్లో చాయ్ తాగి, పెట్టె నెత్తిన పెట్టుకొని వచ్చాను. సబ్బులు, ఖర్జూరాలు, తలనొప్పి బామ్, అవ్వకొక చీర, బాపుకొక టార్చిలైటు. అడుగున సాక్సులో చుట్టి మూడు వింత వస్తువులు. ఏమిటివని ఫోన్ చేస్తే, సేటు కొడుకు ఏడాదికొక సైకిల్ మార్చి పాతవాటి సామానంతా చెత్తలో వేస్తాడనీ, నువ్వు సైకిల్ తొక్కుతున్నావని విని ఏరి పెట్టాననీ మామ చెప్పాడు. ఒకటి వెనక చక్రం ఇరుసుకు కట్టాలి, అది వేగం చెప్తుంది. ఒకటి పెడలు కడ్డీకి కట్టాలి, అది కాలు నిమిషానికి ఎన్నిసార్లు తిరిగిందో చెప్తుంది. మూడోది రొమ్ముకు కట్టుకునే పట్టీ, గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో చెప్తుంది. ఏ తీగలూ అక్కర్లేదు, మూడూ గాల్లోనే ఫోనుతో మాట్లాడుకుంటాయి.

ఆ పట్టీ కట్టుకొని బయల్దేరిన మొదటిరోజు అవ్వ నా చొక్కా కింద దాన్ని తడిమి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. గుండె జబ్బు దాచిపెట్టి ఆఫీసుకు పోతున్నాననుకుంది. జబ్బు కాదు, లెక్క అని చెప్పేసరికి అరగంట ఆలస్యమైంది. బాపు మాత్రం ఇరుసుకు కట్టినదాన్ని వంగి చూసి, ఎంత దూరం తొక్కినవో నీ కాళ్ళకు తెల్వదా, ఫోన్ జెప్పాల్నా అని అడిగి, జవాబు కోసం చూడకుండా ఎద్దుల దగ్గరికి పోయాడు. నేను జవాబు ఇవ్వగలిగే స్థితిలో లేను. చక్రం చుట్టుకొలత ఎంతో ఫోను అడుగుతోంది. వాకిట్లో సుద్దముక్కతో గీత గీసి, సైకిల్‌ను ఒక చుట్టు నడిపించి, రెండో గీత గీసి, అవ్వ చీరలకు ఫాల్స్ కుట్టేటప్పుడు వాడే టేపుతో కొలిచి చెప్పాను. అది నమ్మింది. ఇంకో సౌకర్యం కూడా చూపించింది. చక్రం ఆగితే లెక్క దానంతటదే ఆగుతుంది, చక్రం తిరిగితే మళ్ళీ దానంతటదే మొదలవుతుంది, నొక్కాల్సిన పనే లేదు. ఆహా అనుకొని దానికి సరే అన్నాను. నా కొంప ముంచింది ఆ సౌకర్యమే.

ఇక ఆసిఫాబాద్ సైకిల్ గ్రూపు సంగతి. బదిలీ మీద వచ్చిన ఉద్యోగస్తులు, ఇద్దరు ముగ్గురు వ్యాపారస్తులు కలిసి పెట్టుకున్న గుంపు అది. దానికి పెద్ద ఒక రిటైర్డ్ సారు, కరీంనగర్ ఆయన, కూతురి దగ్గర ఉండడానికి ఇక్కడికి వచ్చాడు. ఆయన సైకిల్‌కు ముందు మూడు వెనక తొమ్మిది గేర్లు. అందుకని ఆయన్ను గేర్ల సారు అనేవాళ్ళం (వెనకాల). మా ఆఫీసులో నా పక్క టేబుల్ వాడు కూడా సభ్యుడు. ప్రతిదానికీ ఫోన్ తెర ఫోటో తీసి గ్రూపులో పెట్టే జబ్బు వాడికి, అందుకని స్క్రీన్‌షాట్ అని పేరు. నన్ను గ్రూపులో చేర్చింది వాడే. చేర్చిన రోజే నా సైకిల్ ఫోటో తీసి పెట్టి, కింద మ్యూజియం నుంచి అని రాశాడు. అందరూ నవ్వుతున్న బొమ్మలు పెట్టారు. నేను కూడా పెట్టాను, ఏం చెయ్యను.

ఆగస్టు నెలకు గ్రూపులో పోటీ పెట్టారు. నెల మొత్తంలో ఎవరు ఎక్కువ దూరం తొక్కితే వాళ్ళకు ఒక పత్తి వ్యాపారి గేర్ల సైకిల్ ఇస్తానన్నాడు. ఎవరి ఫోను చెప్పిన లెక్క వాళ్ళది, అవన్నీ గ్రూపులోకి వాటంతటవే వచ్చి పడతాయి. నాకు ఆశ పుట్టింది. మిగతావాళ్ళు సరదాకు తొక్కేవాళ్ళు, వానొస్తే మానేసేవాళ్ళు. నేను మానేస్తే జీతం కోస్తారు. రోజుకు ఇరవై ఎనిమిది ఎటూ తప్పదు, పైన ఆదివారం పొద్దున్నే ఇంకో ముప్పై కొట్టాను. వానలో తొక్కాను, బురదలో తొక్కాను, ఒకసారి చైను తెగితే చేతుల్తో నెట్టుకుంటూ వచ్చాను (నెట్టిన దూరం కూడా లెక్కలోకి వచ్చింది, అది మాత్రం నేనెవరికీ చెప్పలేదు). మూడోవారం వచ్చేసరికి మ్యూజియం సైకిల్ మొదటి స్థానంలో ఉంది, స్క్రీన్‌షాట్ రెండో స్థానంలో. బాపు ఈ మాట ఊరంతా చెప్పాడు. మా వానికి గేర్ల బండి వస్తుందట అని టీ కొట్టు దగ్గర, ఎరువుల దుకాణం దగ్గర, ఎదురొచ్చిన ప్రతివాడి దగ్గరా. ఊళ్ళో నన్ను ఆపి ఎన్నయినయ్ అని అడగడం మొదలైంది. ఆ సైకిల్ రాకపోతే ఊళ్ళో తలెత్తుకోలేనన్న పరిస్థితికి బాపు నన్ను చేర్చేశాడు.

ఆ ఏడు పొలాల అమావాస్య నెలాఖరులో పడింది. ఎద్దుల పండుగ. మా దిక్కున ఆ రోజు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులేసి, ముకుతాడు నుంచి పగ్గం దాకా అన్నీ కొత్తవి కట్టి ఊరేగిస్తారు. పాత పగ్గంతో ఎద్దును వాడలో తిప్పితే ఆ రైతు ముఖం చూడరు. బజారులో దొరికే తాళ్ళు ఎద్దు మెడ కోస్తాయని బాపు నమ్మకం. అందుకని ప్రతి ఏడూ పండుగకు వారం పదిరోజుల ముందు మా వాకిట్లో తాళ్ళు పేనడం జరుగుతుంది. పాత చీరల పీలికలు, ఎరువుల సంచులు విప్పి తీసిన దారాలు, ఎవరివి వాళ్ళు తెచ్చుకుంటారు. పేనే యంత్రం బాపు సైకిలే. స్టాండు వేసి నిలబెట్టి, గాల్లో లేచిన వెనక చక్రానికి పాత ట్యూబు పట్టీలా చుట్టి, ఆ పట్టీని వెనక గుంజకు బిగించిన ఒక కదురుకు తగిలిస్తాడు. కదురు కొసన కొక్కెం, కొక్కేనికి పీలికలు. పక్కన పీట మీద కూర్చొని పెడలు చేత్తో తిప్పుతుంటే కదురు గిర్రున తిరిగి తాడు పురి ఎక్కుతుంది. అవతలి కొస ఒకరు పట్టుకొని నిలబడాలి. ఇదంతా నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. తెలిసి కూడా ఆ ఆదివారం నాకు తట్టలేదు.

ఆ ఆదివారం పొద్దున ముప్పై కిలోమీటర్లు తొక్కి ఇంటికొచ్చాను. రొమ్ముకు కట్టిన పట్టీ తడిసిపోతే ఉతికి దండెం మీద ఆరేశాను. ఫోన్లో చార్జింగ్ అడుగంటింది. చక్రం ఆగింది గనక లెక్క కూడా ఆగింది, సాయంత్రం ముగించవచ్చులే అనుకొని వాకిలివైపు కిటికీలో చార్జింగ్‌కు పెట్టి, అన్నం తిని పత్తిచేనుకు కలుపు తీయడానికి పోయాను. వచ్చేసరికి పొద్దు గూకింది. చేతులనిండా బురద. ఫోను ఏదో అడిగితే చూడకుండా వేలితో పొడిచి, కడుక్కొని తిని పడుకున్నాను.

తెల్లారి ఆఫీసులో కూర్చున్నాక ఫోన్ తీస్తే గ్రూపులో అరవై మూడు మెసేజీలు. స్క్రీన్‌షాట్ తన పేరు నిలబెట్టుకున్నాడు. నా ఆదివారం లెక్కను ముక్కలు ముక్కలుగా ఫోటోలు తీసి పెట్టాడు. పొద్దున ముప్పై కిలోమీటర్లు పోయి వచ్చిన గీత మ్యాపు మీద చక్కగా ఉంది. ఆ తర్వాత ఇంకో నూట ఇరవై ఒక్క కిలోమీటర్లు. పెడలు నిమిషానికి ఎనభైసార్లు తిరిగింది, చక్రం జోరుగా పోయింది, మ్యాపులో మాత్రం మా ఇంటి మీద ఒకే చుక్క, అంగుళం కదల్లేదు. అన్నిటికంటే ఘోరం గుండె. గీత నేలబారుగా, సున్నా దగ్గర, పొద్దున తొమ్మిదినుంచి సాయంత్రం దాకా. గేర్ల సారు దానికింద ఒక్క వాక్యం రాశాడు. గుండె కొట్టుకోకుండా సైకిల్ తొక్కిన మొదటి మనిషి మన గ్రూపులో ఉండడం మనకు గర్వకారణం అని.

నాకు విషయం అర్థం కావడానికి అర నిమిషం పట్టింది. తాళ్ళు. బాపు రోజంతా పెడలు తిప్పాడు, కిటికీలో ఉన్న నా ఫోను రోజంతా నమ్మకంగా లెక్క రాసుకుంది. సాయంత్రం ఇంటికి పోయి అడిగితే బాపు సంతోషంగా ఒప్పుకున్నాడు, ఈసారి ఊరంతా మనింట్లోనే పేనించుకున్నదని చెప్పాడు. తప్పెవరిదో మీరే చెప్పండి. బాపుదా? ఆయన సైకిల్‌తో ఆయన పని చేసుకున్నాడు. ఫోనుదా? చక్రం తిరిగింది, రాసింది. నాదే, ముగించు అని ఒక్కసారి నొక్కని నాదే. అయినా అంతవరకు అది మామూలు పొరపాటు. గ్రూపులో ఇలా జరిగింది, ఆ నూట ఇరవై ఒకటి కొట్టెయ్యండి అని రాస్తే అయిపోయేది. అవి తీసేసినా నేను స్క్రీన్‌షాట్ కంటే పదకొండు కిలోమీటర్లు ముందున్నాను, లెక్క చూసుకున్నాను కూడా.

రాయడానికి ఫోన్ తీశాను. మా బాపు ఎద్దులకు తాళ్ళు పేనాడు అని రాయాలి. మా బాపు దాకా కొట్టి ఆగాను. వాళ్ళు ఏం రాస్తారో నాకు ముందే కనబడుతోంది. మ్యూజియం సైకిల్, ఇప్పుడు ఎద్దుల తాళ్ళు, ఆ తర్వాత నన్ను పగ్గం అని పిలిచినా పిలుస్తారు. ఆఫీసులో తెల్ల చొక్కా వేసుకొని ఏసీ గదిలో కూర్చుంటున్న నా ఇంట్లో చీర పీలికలు పురి పెడతారని వీళ్ళకు తెలియాలా? అలా ఆలోచించి, ఆలోచించి, ఇంట్లో ట్రైనర్ మీద తొక్కాను సార్, రొమ్ము పట్టీ పెట్టుకోవడం మర్చిపోయాను అని రాశాను. ట్రైనర్ అంటే సైకిల్ వెనక చక్రాన్ని బిగించి ఇంట్లోనే నిలబడ్డచోట తొక్కుకునే సాధనం, అలాంటిదొకటి ఉంటుందని గేర్ల సారు చెప్పగా విన్నాను, కంటితో చూడలేదు. ఎక్కడిది అని అడిగితే మామ మస్కట్ నుంచి పంపాడన్నాను. (మామా, నీ పేరు కూడా పాడుచేశాను, క్షమించు.)

నేననుకున్నది ఒకటి, జరిగింది ఇంకొకటి. గేర్ల సారు చాలా సంతోషించాడు. ట్రైనర్ మీద తొక్కింది కూడా పోటీలో చెల్లుతుందట. కాకపోతే చూపించాలట. ఆయనకూ ఒకటి కొనాలని ఎన్నాళ్ళనుంచో ఉందట. పొలాల పండుగకు ఎటూ సెలవే గనక గ్రూపంతా సైకిళ్ళ మీద మీ ఊరు వస్తాం, ట్రైనర్ చూస్తాం, ఎద్దుల ఊరేగింపు చూస్తాం అని ప్రకటించాడు. వద్దని ఎలా అనడం? రండి సార్ అని, చేతులు జోడించిన బొమ్మ పెట్టాను.

ఆ వారమంతా ఆలోచించాను. చివరికొక ఉపాయం దొరికింది. ట్రైనర్ చెడిపోయి రిపేరుకు కాగజ్‌నగర్ పోయిందని చెప్పాలి, బాపు సైకిల్‌ను పెరట్లో గడ్డివాము వెనక దాచాలి. ఇంట్లో మాత్రం అసలు సంగతి చెప్పలేదు. సార్లు వస్తున్నారు, నా సైకిల్ ఎట్లా తిరిగిందో చూస్తారట అని అవ్వతో సగం చెప్పాను. ఆ సగం చాలు. పండుగ పొద్దున సైకిల్‌ను గడ్డివాము వెనక పెట్టి, పైన గోనెసంచి కప్పి, వాళ్ళకు దారి చూపించడానికి రోడ్డు మలుపు దాకా నడిచి పోయాను. ఎనిమిది సైకిళ్ళు వచ్చాయి, రంగురంగుల టోపీలు, నల్ల కళ్ళద్దాలు. వాళ్ళను వెంటబెట్టుకొని మా వాకిట్లో అడుగుపెట్టాను.

వాకిలి మధ్యలో, ముగ్గు మీద, స్టాండు వేసి బాపు సైకిల్. ఎద్దుల కొమ్ములకు పూయగా మిగిలిన నీలం రంగు హ్యాండిల్‌కు పూసి ఉంది. చక్రానికి పసుపు బొట్లు, క్యారేజీకి బంతిపూల దండ. వెనక గుంజకు కదురు, కదురుకు కొక్కెం, కొక్కేనికి ఎర్రచీర పీలికలు సిద్ధంగా వేలాడుతున్నాయి. సార్లు ఇంతదూరం తన యంత్రం చూడడానికి వస్తున్నారని బాపు కొత్త ధోతి కట్టుకొని నిలబడ్డాడు. సైకిల్ కనబడక ఊరంతా వెతికాడట పాపం. ఏ దొంగో ఎత్తుకపోబోయి గడ్డివాము కాడ దాచిండు బిడ్డా, మంచిగ నాకు దొరికింది అని నా చెవిలో చెప్పాడు.

సార్లు తమ సైకిళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డారు, వాటికి స్టాండ్లుండవు. బాపు ఆ మాట విని, ఇంత పెద్ద సార్ల బండ్లకు స్టాండు కూడా లేకపోవడం చూసి నిజంగా జాలిపడి, అన్నిటినీ తనే జాగ్రత్తగా గోడకు ఆనించాడు. గేర్ల సారు కళ్ళద్దాలు తీసి నావైపు తిరిగాడు.

"ఏదయ్యా మీ ట్రైనర్?"

నేను నోరు తెరిచేలోపల బాపు ముందుకొచ్చాడు. "గిదే సారు, గిటు రాండ్రి. గీ పెడల్ తిప్పితె గా కొక్కెం తిరుగుతది, తాడు పురెక్కుతది. మొన్న అయితారం ఊరంతటి పగ్గాలు గీన్నే పేనినం."

"మొన్న ఆదివారమా? ఎంతసేపు తిప్పిన్రు?"

"పొద్దటి సంది పొద్దుగూకే దాక. నడుమ ఇంత బువ్వ తిన్నం, గంతే."

స్క్రీన్‌షాట్ ఫోన్ తీసి వాకిలిని, కిటికీని, సైకిల్‌ను వరసగా ఫోటోలు తీశాడు. గేర్ల సారు సైకిల్‌ను చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ సైకిల్‌ను చూశాడు. ఆపైన బాపు వేసిన పీట మీద కూలబడి కడుపు పట్టుకొని నవ్వాడు. ఏడుగురూ అందుకున్నారు. బాపు కూడా, సార్లు సంతోషపడ్డారు గనక, మర్యాదకు నవ్వాడు. ఆ వాకిట్లో నవ్వనివాళ్ళం ఇద్దరమే, నేనూ మా ఎద్దూ.

నవ్వి ఊరుకుంటే ఇవాళ నేనీ కోపం మోయనక్కర్లేదు. అవ్వ చేసిన పోలెలు (బొబ్బట్లు) నెయ్యి వేయించుకొని మనిషికి నాలుగు తిన్నారు. ఊరేగింపు చూశారు. తనకు కారు మీద సైకిల్ కట్టుకోవడానికి గట్టి తాడు కావాలని గేర్ల సారు అడిగితే బాపు రెండు బారలు పేని ఇచ్చాడు. అన్నీ అయ్యాక, వెళ్ళేముందు, సారు నన్ను వేపచెట్టు కిందికి పిలిచి నీ పేరు పోటీలోంచి తీసేస్తున్నానని చెప్పాడు. ఆ ఒక్కరోజుది కాదు, నెల మొత్తం. నేను ఊరుకోలేదు. ఆ నూట ఇరవై ఒకటి కొట్టెయ్యండి సార్, అయినా పదకొండు కిలోమీటర్లు నేనే ముందు అన్నాను. మిగతా రోజులకు మ్యాపు మీద గీతలున్నాయి, గుండె కొట్టుకున్న లెక్క కూడా ఉంది అన్నాను. ఆ వానలో వాంకిడి రోడ్డు మీద మీరే నాకు ఎదురుపడ్డారు, గుర్తు తెచ్చుకోండి అన్నాను.

ఆయన గొంతు పెంచలేదు. "లెక్క తప్పు వచ్చినందుకు తీస్తలేను. తప్పని తెలిసినంక నువ్వు ఇంకోటి అల్లినవ్. ఇగ మిగతా రోజులు నేనెట్ల నమ్మాలె, నువ్వే చెప్పు" అన్నాడు.

ఇప్పటికీ ఆ వాదన నేను ఒప్పుకోను. అబద్ధం ఆడింది నా నోరు, తొక్కింది నా కాళ్ళు. నోరు చేసిన తప్పుకు కాళ్ళకు శిక్ష ఏ న్యాయం? నెలంతా ఒళ్ళు హూనమైంది నాకు, సైకిల్ పోయింది స్క్రీన్‌షాట్‌కు. వాడు దాన్ని నాలుగు వారాలు తొక్కి, ఆ నాలుగు వారాలూ ఫోటోలు పెట్టి, తర్వాత మేడ మెట్ల కింద పెట్టాడు. దాని మీద బట్టలు ఆరేస్తున్న సంగతి నేను కళ్ళారా చూశాను. ఆ బట్టలు చూసిన రోజు ఇంటికి తొక్కుకుంటూ వస్తూ ఎంత మండిపోయానో ఇప్పుడు తలచుకున్నా అంతే మండుతుంది.

వాళ్ళు వెళ్ళిపోయాక బాపు ఎద్దులకు నీళ్ళు పెట్టి వచ్చి అరుగు మీద నా పక్కన కూర్చున్నాడు. వేపచెట్టు కింద మేము మాట్లాడుకున్నదంతా ఆయన విన్నట్టున్నాడు. గేర్ల బండి పోయిందని ఊళ్ళో ఏం చెప్పాలని అడుగుతాడనుకొని సిద్ధంగా ఉన్నాను. సార్ల మీద, ఫోను మీద, స్క్రీన్‌షాట్ మీద అప్పటికే నా దగ్గర చాలా మాటలు పోగై ఉన్నాయి. బాపు అవేవీ అడగలేదు. కాసేపు చేతులు చూసుకున్నాడు. పెడలు తిప్పీ తిప్పీ కుడి అరచేయి బొబ్బలెక్కి ఉంది.

"నేను తాళ్ళు పేనిన అని చెప్పుడు నీకు గంత సిగ్గయిందా బిడ్డా?"

కోపంగా అడిగితే బాగుండేది. కోపానికి జవాబులు నాకు చాలా వచ్చు. ఆయన నిజంగా తెలుసుకోవడానికే అడిగాడు. నేను తల వంచుకొని ఫోన్ తీశాను. గ్రూపులో రాశాను. ఆ నూట ఇరవై ఒక్క కిలోమీటర్లు ట్రైనర్ మీదవి కావు, మా బాపువి, పండుగకు ఎద్దుల పగ్గాలు చేత్తో తిప్పి పేనాడు, నేను అబద్ధం చెప్పాను. మొత్తం రాయడానికి నిమిషం కూడా పట్టలేదు. ఆ నిమిషం వారం ముందు ఖర్చు పెట్టి ఉంటే సైకిల్ మా వాకిట్లో ఉండేది.

బాపుకు చదువు రాదు. ఏం రాసినవో సదువు అన్నాడు. చదివాను. ఆయన సాంతం విని, తల అడ్డంగా ఊపాడు.

"తప్పు రాసినవ్. నేను కూసొని తిప్పిన. అవుతలి కొస పట్టుకోని పొద్దంత నిలవడ్డది మీ అవ్వ. ఆమెది గూడ రాయి."

రాశాను. మా అవ్వ, మా బాపు అని దిద్ది మళ్ళీ పెట్టాను. గేర్ల సారు ఒక బొటనవేలి బొమ్మ పెట్టాడు, మిగతావాళ్ళు అది కూడా పెట్టలేదు, పగ్గం అని పేరు పెట్టినవాడూ లేడు. ఇప్పుడు కరీంనగర్‌లో ఉంటున్నాను, సొంతంగా కొనుక్కున్న గేర్ల సైకిల్ ఉంది, ముగించు అన్నది రెండుసార్లు నొక్కి గాని ఫోన్ జేబులో పెట్టను. సారు మీద కోపం అలాగే ఉంది, ఉండనిస్తాను. కానీ ఆ ఇరవై మూడేళ్ళవాడు తెల్లచొక్కా వేసుకొని, సిగ్గుతో చెమటలు పట్టి, ఇంట్లో ఉన్నదాన్ని దాచి మస్కట్ నుంచి లేనిదాన్ని తెప్పించిన తీరు తలచుకుంటే మాత్రం, ఎంత బిగబట్టుకున్నా, మా ఆవిడ కంటే ముందు నేనే నవ్వేస్తున్నాను.